ప్లేటు మొదలు ఫైలు దాక: తెనాలి రంగస్థల గళముల నామచరిత్ర

కృష్ణానది పశ్చిమ డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల నడుమ గల భూమి వరిపంటకెంత పేరుగన్నదో పద్యనాటకమునకును అంత పేరుగన్నది. సత్యహరిశ్చంద్రీయ నాటకకర్తయగు బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడున జన్మించెను. స్త్రీపాత్రాభినయమున అద్వితీయుడనిపించుకొన్న స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, 1920లో ఆ యూరి రంగస్థలముమీదనే చంద్రమతి వేషముతో తొలిసారి ముఖమునకు రంగు పూసికొని, మరుసటి యేట తెనాలి శ్రీరామవిలాససభలో చేరెను. గంభీరకంఠుడగు వేమూరి గగ్గయ్య తెనాలికి చేరువనున్న వేమూరువాడు. ఈలపాట రఘురామయ్య 1901లో సుద్దపల్లిలో పుట్టినవాడు. దుర్యోధన పాత్రకు ప్రసిద్ధుడైన మాధవపెద్ది వెంకట్రామయ్య తెనాలి రంగస్థలమునకు అలంకారము. ఆ తరము వెనుకబడిన పిదప చలనచిత్రగానమున దక్షిణదేశమంతయు నేలిన ఎస్. జానకి సయితము 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో జన్మించినదే.

ఇందరు పుట్టిన గడ్డయందు వారి గళములు నేడెట్లు నిలిచియున్నవని విచారించినచో, ముందుగా కన్పట్టునది గ్రామఫోను రికార్డు. మనవారు వాడుకగా పిలుచుకొన్న పేరు ప్లేటు. నాటకమునకు దృశ్యమున్నది, ఆహార్యమున్నది, అర్ధరాత్రి దాటినను కదలని ప్రేక్షకసమూహమున్నది. అందులో గళమొక్కటియే ప్లేటునకెక్కి, పాటలపెట్టెలోనుండి పలికి, పిదప టేపునకు, కేసెట్టునకు, తుదకు కంప్యూటరు ఫైలునకు మారుచు, ఇప్పుడు అంతర్జాలమార్గమున తెనాలినుండి టెక్సాసునకు క్షణములలో చేరగలిగియున్నది. ఈ ప్రయాణమున గళమును ప్రయాణమునకు సిద్ధపరచుట యొక పని, ఆ గళమెవరిదో తెలియునట్లు పేరుపెట్టుట రెండవ పని. మొదటి పనిని యంత్రములు తరతరమునకు మెరుగుపరచినవి. రెండవ పని మాత్రము మనుష్యుని శ్రద్ధకే విడువబడి, ప్రతి తరమునందును కొంత కొంత చెడుచు వచ్చినది. ఆ చెడుట యెట్లు సంభవించెనో చెప్పుటయే ఈ వ్యాసముద్దేశించిన విషయము.

ధ్వనిని దూరదేశమునకు పంపవలసివచ్చినపుడే పేరు చెప్పవలసిన అవసరము పుట్టినదనుటకు మన దేశపు మొదటి రికార్డులే సాక్ష్యము. 1902 నవంబరు మాసమున గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గు కలకత్తాకు వచ్చి, ఒక హోటలు గదిలో యంత్రములమర్చి, గౌహర్‌జాన్ మొదలగువారి గానమును మైనపు పలకలపై ముద్రించెను. ఆ పలకలను ఓడలపై జర్మనీదేశమునందలి హానోవరు నగరమునకు పంపి, అచట ప్లేట్లుగా అచ్చొత్తించి, మరల ఈ దేశమునకు తెప్పించి అమ్మిరి. అచ్చొత్తు పనివారికి హిందూస్థానీ రాదు, బెంగాలీ రాదు. ఏ గానమెవరిదో పోల్చుకొనుట వారికి సాధ్యము కాదు. అందుచేతనే గౌహర్‌జాన్ పాట ముగియుచుండగా తన పేరును తానే ఇంగ్లీషులో గొంతెత్తి ప్రకటించుచుండెను. శ్రోతలు గాయని గర్వమని భావించిన ఆ ప్రకటనము నిజమునకు సముద్రము దాటిపోవు సరకుపై వ్రాసిన విలాసము. 1908లో కలకత్తాయందే ప్లేట్ల కర్మాగారము వెలసినపిదప ఆ యవసరము తగ్గినను, పాట చివర పేరు చెప్పుకొను ఆచారము కొంతకాలము నిలిచెను.

గాయకుడు పలికిన పేరుగాక, ప్లేటునకు మరి రెండు గుర్తులుండెడివి. గాడులు ముగిసి కాగితపు చీటీ మొదలగు నడిమి వలయమునందు, మైనము మెత్తగానున్నపుడే గీచిన సంఖ్య యొకటి. ఇది ఆ పార్శ్వమునకు మాత్రమే చెందిన జన్మసంఖ్య. గ్రామఫోను కంపెనీవారి ప్లేట్లలో ఈ సంఖ్య చివరనుండు అక్షరమునుబట్టి ముద్రణము చేసిన నిపుణుడెవడో కూడ పోల్చవచ్చును. రెండవది, చీటీపై అచ్చువేసిన విక్రయసంఖ్య. ఇది రెండు పార్శ్వములను కలిపి దుకాణదారునకై పెట్టినది. ఈ చీటీపైననే గాయకుని పేరు, నాటకము పేరు, పద్యపు మొదటి మాటలు, ఒక్కొక్కప్పుడు రాగము పేరు, ఇంగ్లీషులోను కొన్నింటిపై తెలుగు లిపిలోను ఉండెడివి. పలికిన పేరు, గీచిన సంఖ్య, అచ్చువేసిన చీటీ అను ఈ మూడును ఒకదానినొకటి సరిచూచుకొనుటకు వీలైన సాక్ష్యములు. చీటీ చినిగినను గీచిన సంఖ్య మిగులును. సంఖ్య అరిగినను పలికిన పేరు మిగులును. ఆ కాలపు వ్యాపారులు లాభముకొరకే చేసినను, గుర్తింపు విషయమున వారు చూపిన జాగ్రత్త తరువాతి వారెవరును చూపలేదని నిస్సంశయముగా చెప్పవచ్చును.

ఇక గళమును ప్లేటునకు సిద్ధపరచు విధము. రంగస్థలముమీద ఒక పద్యమునకు కాలపరిమితి లేదు. నటుడు పద్యమునెత్తుకొని, హార్మోనియము తోడురాగా రాగమును విస్తరించి, చివరి పాదమునకు దీర్ఘమైన ఆలాపనము తగిలించి విడిచినపుడు సభనుండి వన్సుమోరను కేక లేచినచో, మరల మొదటినుండి పాడవలసినదే. పది అంగుళముల ప్లేటు ఒక పార్శ్వమునకు నిమిషమునకు 78 చుట్ల వేగమున పట్టునది ఇంచుమించు మూడు నిమిషములు. పదునైదు నిమిషముల వైభవమును మూడు నిమిషములకు కుదించుటకై నటులు ఆలాపనమును కత్తిరించిరి, సంభాషణమును విడిచిరి, రెండు పద్యములకు బదులు ఒకటి పాడిరి. 1925 ప్రాంతమున విద్యుత్ మైక్రోఫోను వచ్చువరకు గాయకుడు పెద్ద కొమ్మువంటి గరాటులో నోరుపెట్టి బిగ్గరగా పాడవలసియుండెను గనుక, మృదువైన కంఠములకు ప్లేటుపై న్యాయము జరుగలేదు. 1930 తరువాత మదరాసులో సరస్వతీ స్టోర్సువారు ఓడియన్ ముద్రతో దక్షిణభాషల ప్లేట్లను విరివిగా వెలువరించిన కాలమున, నాటకమంతటిని పలు ప్లేట్లపై పరచిన నాటకసెట్లు బయలుదేరెను. వీటివలన కథ నిలిచినది గాని, సెట్టులోని ప్లేటొకటి పగిలినచో ఒక రంగమే మాయమగు ప్రమాదము కలిగినది.

మదరాసు, బెజవాడల నడుమ రైలుమార్గమున తెనాలి జంక్షను. అచటినుండి రేపల్లెకు శాఖామార్గము. పట్టణపు కుటుంబములలో తాళముచెవి త్రిప్పి నడిపించు పాటలపెట్టె కొన్నవారు కొందరే అయినను, వివాహములకును, తిరునాళ్లకును అద్దెకు వచ్చు మైకుసెట్టువారివలన ప్లేటులోని పద్యము పొలముగట్ల వరకు వ్యాపించెను. ఉక్కుముల్లును ప్రతి పార్శ్వమునకు మార్చవలెనని పెట్టెతోడి కాగితమునందున్నను, ముల్లులు ఖర్చగునని అరిగిన ముల్లుతోనే వాయించుటచేత గాడులు తెల్లబారెను. లక్క, రాతిపొడి, మసి కలిపి చేసిన ప్లేటు నేలబడినచో పగులును, తేమ తగిలినచో చీటీ ఊడును. అట్లు పేరు పోయిన ప్లేటును వాడుకలో కృష్ణుడి ప్లేటనియు హరిశ్చంద్ర ప్లేటనియు పాత్రపేరుతో పిలుచుట పరిపాటియయ్యెను. గళముల పేరు చెడుట ఇచటనే ఆరంభమైనది.

1938 జూను 16న మదరాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును ప్రారంభింపబడినవి. గాలిలో వచ్చు ధ్వనికి పేరు చెప్పువాడు ప్రకటనకర్త. అతడు పాటకు ముందొకసారి, వెనుకనొకసారి గాయకుని పేరును, రచయిత పేరును చదువుచుండగా విన్నవాడు ధన్యుడు. ఆ క్షణమున పొయ్యివద్దనో పొలములోనో ఉన్నవానికి ఆ పేరు మరల దొరకదు. అయస్కాంతపు టేపు వచ్చిన తరువాత ధ్వనిని తుడిచి, అదే టేపుపై మరియొకటి ఎక్కించుట సులభమయ్యెను. టేపు ఖరీదైన వస్తువగుటచేత అట్లు తుడిచివేయబడినవి అనేకము. పేరు వేరుగా పుస్తకములలో వ్రాయబడి, ధ్వని వేరుగా డబ్బాలలో ఉంచబడుటచేత, పుస్తకము పోయిన డబ్బాలును, డబ్బా పోయిన పుస్తకములును మిగిలినవి.

1963లో ఫిలిప్సు కంపెనీ ప్రవేశపెట్టిన కేసెట్టు మన పల్లెలకు చేరుసరికి ఇంకొక తరము గడిచెను. దీనితో ముద్రణము చేయు శక్తి మొదటిసారిగా సామాన్యునకు లభించినది. పొరుగువాని కేసెట్టునుండి ఎక్కించుకొన్నవాడు అరువది నిమిషములలో పది ప్లేట్ల పద్యములను వరుసగా నింపి, అట్టపై నాటక పద్యాలని రెండు మాటలు వ్రాసి ఊరకుండెను. ప్లేటునకు మూడు సాక్ష్యములుండగా కేసెట్టునకు ఒక్కటియే, అదియు పెన్సిలుతో వ్రాసినది. ప్లేటునుండి కేసెట్టునకెక్కించువాడు, పద్యము ముగియగానే మీట నొక్కుటచేత, గాయకుడు చివర పలికిన పేరు సయితము కొన్నిచోట్ల తెగిపోయినది. నేడు ఫైళ్లుగా తిరుగుచున్న పాత పద్యములలో ఎన్నింటికో మూలము ఈ కేసెట్టు ప్రతులే.

1995 ఆగస్టు 15న మన దేశమున సామాన్యప్రజలకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చెను; ఆ సంవత్సరమందే ఎంపీత్రీ అను ఫైళ్ల తోకపేరు జర్మనీ శాస్త్రజ్ఞులు స్థిరపరచిరి. ప్లేటు పార్శ్వములోని మూడు నిమిషముల ధ్వనిని కాంపాక్టు డిస్కు ప్రమాణమున నిలువచేసినచో ముప్పది మెగాబైట్లకు పైబడును. తొలినాళ్ల టెలిఫోను తీగపై సెకండునకు 56 కిలోబిట్ల వేగము పూర్తిగా దొరికినను దానిని పంపుటకు గంటకు పైగా పట్టెడిది. అదే ధ్వనిని ఎంపీత్రీగా కుదించినచో మూడు మెగాబైట్లలోపు, ఏడెనిమిది నిమిషముల పని. మూడు నిమిషముల ప్లేటుకొరకు నాడు నటుడు ఆలాపనమును కత్తిరించెను. తీగ కొరకు నేడు యంత్రము, బలమైన ధ్వని చాటున చెవికి మరుగుపడు సన్నని ధ్వనులను కత్తిరించుచున్నది. ప్రయాణసౌకర్యమునకై గళము కొంత కోల్పోవుట రెండు కాలములకును సామాన్యధర్మము. భేదమేమనగా, ప్లేటున కోల్పోయినది తిరిగిరాదు. కుదింపని మూలప్రతిని మొదటనే దాచుకొన్నచో ఫైలున కోల్పోయినది ఎప్పుడైనను మరల పొందవచ్చును.

ప్రవాసాంధ్రులు తమ పెట్టెలలో తీసికొనిపోయిన ప్లేట్లను, కేసెట్లను ఫైళ్లుగా మార్చి పంచుకొన నారంభించినపుడు పేర్ల చిక్కు క్రొత్తరూపము దాల్చెను. పూర్వపు డాసు పద్ధతిలో ఫైలుపేరు ఎనిమిది అక్షరములు, ఒక చుక్క, మూడక్షరముల తోక, అంతకుమించి ఇమడదు. స్థానం నరసింహారావు సత్యభామ పద్యమును ఎనిమిది ఇంగ్లీషు అక్షరములలో పెట్టుమనిన పేరెట్లుండునో పాఠకులే యూహింపగలరు. 1995లో విండోసు క్రొత్తరూపమున పొడుగు పేర్లు సాధ్యమైనవి. అయినను తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుటకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదివిన తెలుగువారు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతిలో చిన్న ఎల్ అక్షరము లకారమునకును పెద్ద ఎల్ ళకారమునకును గుర్తు. టకార తకారములకును, ణకార నకారములకును ఇదే భేదము. విండోసు చిన్న పెద్ద అక్షరముల భేదమును లెక్కింపదు. అంతర్జాలమున ఫైళ్లను భద్రపరచు యునిక్సుజాతి యంత్రములు లెక్కించును. కల, కళ అను రెండు పేర్లతో వచ్చిన రెండు ఫైళ్లు ఒకచోట రెండుగానుండి, మరొకచోట ఒకదానిపై నొకటి పడి ఒకటే మిగులును.

తెలుగు లిపి 1991లోనే యూనికోడులో చేరినందున, ఇప్పుడు ఫైలునకు తెలుగులోనే పేరుపెట్టవచ్చును. అయినను స్థానం అను మాట కంటికి రెండక్షరములుగా కన్పట్టినను యంత్రమునకు ఆరు సంకేతములు. ఒక్కొక్క సంకేతమునకు మూడు బైట్ల చొప్పున పదునెనిమిది బైట్లు. అనేక భాండాగార యంత్రములు ఫైలుపేరునకు 255 బైట్లకు మించి యనుమతింపవు గనుక, తెలుగుపేరు 85 సంకేతములలో ముగియవలెను. అదే పేరు జాలపు చిరునామాలో శాతపు గుర్తులతో కూడి మూడింతలుగా సాగును. ఈ కారణమున అనుభవజ్ఞులు ఫైలుపేరును పొట్టి ఇంగ్లీషు అక్షరములలో, ఖాళీలు లేకుండ, అన్నియు చిన్న అక్షరములుగా ఉంచి, పూర్తి వివరమును తెలుగులో ఫైలులోపలి చీటీయందు వ్రాయుట మేలని నిర్ణయించిరి.

ఎంపీత్రీ ఫైలునకు 1996లో ఏర్పడిన ఈ లోపలి చీటీ చరిత్రము విచిత్రమైనది. మొదటి పద్ధతిలో అది ఫైలు తుదిభాగమున 128 బైట్ల స్థలము: పాటపేరునకు ముప్పది, కళాకారునకు ముప్పది, ఆల్బమునకు ముప్పది, సంవత్సరమునకు నాలుగు. గౌహర్‌జాన్ పాట చివర తన పేరు పలికిన చోటనే, తొంబదినాలుగేండ్ల తరువాత, యంత్రమును పేరు వ్రాయుట గమనింపదగినది. కాని ఆ గళ్లు పాశ్చాత్య ఆల్బములనుద్దేశించి గీచినవి. పద్యనాటకమునకు కావలసినవి నటుడు, పాత్ర, నాటకము, నాటకకర్త, పద్యము, పద్యకర్త. వీటిలో సగమునకు అందు చోటు లేదు.

ఇచట పద్యకర్త, నాటకకర్త అని వేరుగా చెప్పుటకు కారణమున్నది. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకమునందు కాటిసీనులో నటులు పాడు పద్యములలో ప్రసిద్ధమైనవి గుఱ్ఱం జాషువా శ్మశానవాటి యను ఖండికలోనివి. అవి నాటకములో తరువాత చేరినవి. ప్లేటు చీటీపైన హరిశ్చంద్ర యనుమాత్రమే యుండుటచేత, ఫైలునకు పేరుపెట్టువాడు బలిజేపల్లివారిని కర్తగా వ్రాసినచో జాషువా మాయమగును. శ్రీకృష్ణతులాభారమునందును ఇట్టి చిక్కే కలదు: నాటకము ముత్తరాజు సుబ్బారావుది, అందు సత్యభామగా స్థానంవారు పాడి లోకమును మెప్పించిన మీరజాలగలడా యను పాట ఆయనయే రచించుకొన్నదని ప్రసిద్ధి. ఆ నాటకము పేరుతో 1935, 1955, 1966 సంవత్సరములలో మూడు చలనచిత్రములు వచ్చినవి. 1966 చిత్రమున అదే పాటను పి. సుశీల పాడిరి. నాటకము పేరొక్కటియే వ్రాసిన ఫైలు ఈ మూడు చిత్రములతోను, రంగస్థలపు ప్లేట్లతోను కలిసిపోయి, వెదకువానికి స్థానంవారి గళము దక్కకుండ పోవును. అన్నిటికంటె ముఖ్యముగా, పద్యము అందరి సొత్తు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయముల పద్యమొకటి పదిమంది నటుల గళమున పది రాగములలో నున్నది. పద్యపు మొదటి మాటనే పేరుగా పెట్టుట యనగా, ఆ పదిమందిని ఒక్కనిగా చేయుటయే.

ఇంటిపేరు ముందు వ్రాయు మన సంప్రదాయము మరియొక చిక్కునకు మూలము. పాశ్చాత్య పద్ధతిన తుదిమాటనే వంశనామముగా గ్రహించు యంత్రము స్థానంవారిని రావుల వరుసలో నిలుపును. ఆ వరుసలో తెలుగువారు లెక్కకు మిక్కిలిగా ఉందురు. రఘురామయ్య పేరు ఇంగ్లీషున ఒకచోట అయ్యగాను ఒకచోట అయాగాను వ్రాయబడి, ఒక్క గాయకుడు ఇద్దరుగా చీలును. ఇంటిపేరును ముందుంచి, ఒక్కటే వర్ణక్రమమును ఆద్యంతము పాటించుట తప్ప దీనికి మందు లేదు.

ఈ చరిత్రమంతయు తెలిసినవారు అంగీకరించిన కార్యక్రమము క్లుప్తముగా నిట్లున్నది. ప్లేటును ముట్టకముందు రెండు చీటీలను, నడిమి వలయమున గీచిన సంఖ్యను ఛాయాచిత్రము తీయవలెను. లక్క ప్లేటునకు ఆల్కహాలు తగలనీయరాదు, అది లక్కను కరగించును. చల్లని నీటితో చీటీ తడియకుండ కడుగవలెను. ఎల్పీల ముల్లు అంగుళములో వేయవవంతు. 78 ప్లేటు గాడికి దానికి మూడింతలు వెడల్పుగల ముల్లు కావలెను. 78 అని వ్రాసియున్నను పూర్వపు ప్లేట్లన్నియు ఆ వేగమున ముద్రింపబడలేదు. 80 చుట్లకు తీసినదానిని 78కి వాయించినచో శ్రుతి హార్మోనియము మెట్టులో ఇంచుమించు సగము దిగును గనుక, తోడువాద్యపు శ్రుతితో సరిచూడవలెను. తరువాత ధ్వనిని అంతర్జాతీయ ధ్వనిభాండాగారముల సంఘము సూచించినట్లు 24 బిట్ల 96 కిలోహెర్ట్సుల వేవ్ ఫైలుగా, బరబర శబ్దమును తుడువకయే, దాచవలెను. మూడు నిమిషములకు అది ఏబది మెగాబైట్ల పైమాట. పంపుటకు దానినుండి ఎంపీత్రీ ప్రతిని వేరుగా తీయవలెను. ఫైలుపేరున ముద్రపేరు, విక్రయసంఖ్య, పార్శ్వము, ఇంటిపేరు, నాటకము ఈ వరుసలో నుండిన చాలును. మిగిలిన వివరము లోపలి చీటీలోను, ఛాయాచిత్రమునందును ఉండును. తెలియని సంవత్సరమును ఊహించి వ్రాయుటకంటె ఆ గడిని ఖాళీగా విడుచుట ఉత్తమము, ఏలయన ఖాళీగడిని రేపటివాడు నింపును, తప్పు సంవత్సరమును లోకమంతయు నమ్మును.

ఈ పద్ధతికి దృష్టాంతములు లేకపోలేదు. ముంబయిలో 1990లో వెలసిన భారతీయ రికార్డు సేకర్తల సంఘము ప్లేట్ల సంఖ్యలను పట్టికలుగా అచ్చొత్తించు పనికి పూనుకొన్నది. 1998నుండి వెలువడుచున్న ఈమాట యను తెలుగు జాలపత్రిక పాత ధ్వనిముద్రణములను వివరణములతో కూర్చి ప్రచురించుచున్నది. ధ్వనిముద్రణముపై హక్కు మన దేశపు చట్టమున ప్రచురణానంతరము అరువది సంవత్సరములు మాత్రమే గనుక, 78 ప్లేట్లలో చాలభాగము నేడు నిర్బాధముగా పంచుకొనదగినవే. పద్యకర్త హక్కు వేరు, అది ఆయన మరణానంతరము అరువదేండ్ల వరకుండును. ఆ భేదము తెలియుటకైనను కవి పేరు ఫైలునందుండుట అవసరము.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అటకలమీద ప్లేట్లున్న కుటుంబములవారికి ఈ వ్యాసకర్త మనవి యిది. మీ ప్లేటు ఇంటింట తిరుగుచున్న కేసెట్టు ప్రతికంటె విలువైనది, ఏలయన దానికి పేరు ఇంకను అంటియున్నది. ఎవరైనను దానిని ఫైలుగా మార్చి యిత్తునని అడిగినచో సంతోషముగా ఇండు. చీటీ ఛాయాచిత్రమును, గీచిన సంఖ్యను ఫైలుతోకూడ పంపుదునని మాట తీసికొన్న తరువాతనే ఇండు.